దిద్దిన జవాబు

తొంభైల మొదట్లో నేను హైస్కూళ్లకు తిరిగి, రేపు మీరు తల్లిదండ్రులైతే పిల్లల్ని ఎలా పెంచుతారని పదో తరగతి వాళ్లను అడిగి కాగితాల మీద రాయించుకునేదాన్ని. ఇళ్లలో పిల్లలు దెబ్బలు తినడం తగ్గాలని మా సంస్థ ప్రయత్నం.

ఒకసారి నారాయణపేట నుంచి బస్సులో వస్తుంటే, వేళ్లకు నూలు రంగు అంటిన అమ్మాయి పక్కన కూర్చుంది. పద్దెనిమిదేళ్లు ఉండొచ్చు. నా కాగితాల సంగతి తెలుసుకుని, "నేను బడి మానేసి మగ్గం నేస్తున్న. నన్ను గూడ అడుగక్కా, వచ్చే నెల నా పెండ్లి," అంది.

"పిల్లలు మాట వినకపోతే కొడతావా?"

"కొట్టకపోతే ఎట్ల నేర్సుకుంటరు? మా బాపు గట్లనే పెంచిండు."

రాసుకున్నాను. అప్పుడు కాగితంలో లేని ప్రశ్న ఒకటి నా నోటికొచ్చింది. "మరి దెబ్బలు తిని నువ్వేం నేర్చుకున్నావు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"బాపు చెప్పుల సప్పుడు గుర్తువట్టుడు," అంది మెల్లగా. "ఇనంగనే పోయి దాసుకునేదాన్ని."

మరికల్‌లో దిగబోతూ, వంగి నా కాగితం మీద వేలు పెట్టింది. "జర గది కొట్టెయ్యక్కా. కొట్టనని రాయి."

ఆమె చూస్తుండగానే దిద్దాను.

తర్వాత బడి మానేసిన పిల్లలనూ అడగసాగాం. నేను బస్సులో వేసిన ఆ ప్రశ్ననూ మా ప్రశ్నల కాగితంలో చేర్చాం. అక్కడికి వచ్చేసరికి చాలామంది పెన్ను ఆపి, వెనక్కి వెళ్లి, పై జవాబు దిద్దుకునేవారు.