గళ్ల కాగితం మీద నీలం తెర

కరీంనగర్‌లోని నా రిపేరు దుకాణంలో ఒక అల్మారా నిండా పాత కార్డులున్నాయి. సౌండ్ కార్డులు, ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ పట్టే మోడెం కార్డులు, టీవీ చూపించే కార్డులు. ఇప్పుడు వాటి పనంతా కంప్యూటర్ తనే చేసుకుంటోంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒక్కోదాన్ని విడిగా కొని, మదర్‌బోర్డు మీది స్లాటులో దించి, డ్రైవర్ ఎక్కించాల్సి వచ్చేది. డ్రైవర్ అంటే ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాం. అది కుదరకపోతే తెర మీద కార్డు పేరు పక్కన పసుపు గుర్తు పడేది.

మందమర్రిలో మా బాపుకు బొగ్గుగని వాళ్లిచ్చిన కాలరీ క్వార్టర్‌లో, ముందుగదిలో కూర్చుని నేను ఆ పసుపు గుర్తుతో కొట్లాడుతుంటే మా అవ్వ కంచం తెచ్చి పక్కన పెట్టేది. "బువ్వ తినొచ్చి చూస్తే గా డబ్బ యేడికన్న పారిపోతదా పిల్లా?" అనేది. నాకు వినపడేది కాదు. కార్డు తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చడం అప్పట్లో మా మొదటి వైద్యం. సగం రోగాలు దానికే కుదిరేవి. పసుపు గుర్తు పోయి స్పీకర్లో మొదటి చప్పుడు వినపడితే ఆ రోజంతా నాకు పండగే.

ఆ విద్యతో ఇక పని లేదనుకుంటున్న రోజుల్లో, ఐదేళ్ల కిందట, ఒక ముసలి జంట దుకాణానికి వచ్చింది. సిరిసిల్ల వైపు నేతవాళ్లు. ఆయన కంప్యూటర్ డబ్బాను పాత చీరలో మూటగట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"జర చూడు బిడ్డా. తెర నల్లగైంది. అట్టలు కొడుతలేదు," అన్నాడు.

చీర అంచులో ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పేవి రంధ్రాల అట్టలు. కంప్యూటర్‌లో గీసిన డిజైన్‌ను బట్టి ఒక మిషన్ ఆ రంధ్రాలు కొడుతుంది. మిషన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఉండేది ఒక పొడుగాటి కార్డు. డిజైన్ల గురించి నేను ఆయన్నే అడగబోయాను.

"నాకేం తెల్వదు. నేను మగ్గం నడుపుత. గీసుడంత మీ పెద్దమ్మనే," అని భార్యను చూపించాడు.

విప్పి చూస్తే మదర్‌బోర్డు చచ్చిపోయింది. హార్డ్‌డిస్క్ మాత్రం బాగానే ఉంది. నేను తొందరపడి కొత్త బోర్డు వేశాను. దాని మీద ఆ కార్డు పట్టే స్లాటు లేదు. పాత కార్డును కొత్త స్లాటుకు కలిపే అడాప్టర్ తెప్పించి దాని మీద కార్డు గుచ్చాను. అడాప్టర్‌కు వేరే కరెంటు తీగ ఇవ్వాలని తెలుసుకోవడానికే ఒక పూట పట్టింది. తీరా కార్డును గుర్తుపట్టాక, కొత్త విండోస్‌కు దాని డ్రైవర్ అసలు లేదని తేలింది.

"పెద్దమ్మా, కొత్తదాంట్ల గీ కార్డు నడువది. మిషన్ కూడ మార్చుకోవాలె," అన్నాను.

ఆమె ఆ కార్డును చేతిలోకి తీసుకుని చూసింది. "నేను గీసిన అంచులన్ని గా మిషన్ కొలతకే ఉన్నయి బిడ్డా," అంది.

ఆ మాట నన్ను నిలవనీయలేదు. మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి అదే రకం పాత బోర్డు సంపాదించి, వాళ్లను మళ్లీ రమ్మన్నాను. ఈసారి మిషన్‌ను కూడా ట్రాలీ ఆటోలో తెచ్చారు. పాత విండోస్ వేశాను. డ్రైవర్ వాళ్ల హార్డ్‌డిస్క్‌లోనే దొరికింది. పసుపు గుర్తు లేదు. సంతోషంగా డిజైన్ పంపాను. మిషన్ ఒక్క వరుస కొట్టి ఆగిపోయింది. కార్డు పళ్లు తుడిచాను, స్లాటు మార్చాను, తీగ మార్చాను. ఎన్నిసార్లు పంపినా ఒక్క వరుసే. మధ్యాహ్నానికి నా మొహం చూసి ముసలాయన, "పరేషాన్ గాకు బిడ్డా, కాకుంటే ఇడిసిపెడదాం," అన్నాడు. అది ఇంకా బాధగా తోచింది.

అప్పుడు పెద్దమ్మ అడిగింది. "నీలం తెర చూసినవా?"

"ఏం నీలం తెర?"

"మొదలు కంప్యూటర్ పెట్టినప్పుడు గీ తీర్గనే ఒక్క వరుస కొట్టి ఆగింది. పెట్టినాయన నీలం తెర తీసి ఏమో మార్చిండు. మల్ల ఖరాబైతే ఎట్లని నేను దాన్ని చూసి కాయిదం మీద దింపుకున్న."

సంచిలోంచి డిజైన్లు గీసే గళ్ల పుస్తకం తీసింది. ఒక పేజీ నిండా, కంప్యూటర్ లోపలి ఏర్పాట్లు మార్చే బయోస్ అనే ఆ నీలం తెర ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నెమలినీ మామిడి పిందెనూ దింపినట్టే, ఒక్కో అక్షరాన్ని గళ్లు నింపి దింపింది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఎక్కడా తొందర లేదు. మూడో స్లాటుకు ఐదో నంబరు. బోర్డులోని సౌండ్ బంద్. నేను కార్డును మూడో స్లాటులోకి మార్చి, తెరనూ పేజీనీ పక్కపక్కన పెట్టుకుని అలాగే మార్చాను. కంప్యూటర్‌ను పిలవడానికి ఒక్కో కార్డుకు ఒక నంబరు ఉంటుంది, ఈ కార్డు ఐదో నంబరు మీదే మాట్లాడుతుంది. ఈ బోర్డులో అదే నంబరును సౌండ్ పట్టుకుని కూర్చుంది. అందుకే గొడవ.

మళ్లీ పంపాను. మిషన్ రెండో వరుస కొట్టింది, మూడోది కొట్టింది, ఆగలేదు. ముగ్గురం ఆ టకటక వింటూ నిలబడ్డాం. పెద్దమ్మ మొదటి అట్టను తీసుకుని, కళ్లు మూసుకుని రంధ్రాల మీద వేలు నడిపింది. "సరిగ్గనే ఉన్నది," అంది.

ఎన్నో ఏళ్ల తర్వాత నాకు క్వార్టర్‌లోని ఆ ముందుగది గుర్తొచ్చింది. ఆ రోజుల్లో నాకు చెప్పేవాళ్లు లేక తంటాలు పడ్డాననుకునేదాన్ని. చూసింది చూసినట్టు రాసి పెట్టుకునే ఓపిక నాకు లేదని ఆ రోజు అర్థమైంది.

ఆ కంప్యూటర్ ఇంకో మూడేళ్లు నడిచింది. తర్వాత ముసలాయన మోకాళ్లు సహకరించక మగ్గం అమ్మేశారు. పోయిన ఎండాకాలం పెద్దమ్మ ఒక్కతే హార్డ్‌డిస్క్ పట్టుకుని వచ్చింది. డిజైన్లన్నీ ఫొటోలుగా మార్చి ఆమె ఫోన్‌లో వేసిచ్చాను. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఒక నెమలి దగ్గర ఆగింది.

"దీంట్ల ఒక పోగు తప్పు పోయింది," అంది. "అప్పుడు చూడలే."