మా దిక్కు ఎవ్వరికీ అద్దాల్లేవు

ఇప్పటికి పదేళ్లవుతుందేమో. అప్పట్లో ఇస్నాపూర్ పక్కనున్న మందుల ఫ్యాక్టరీలో నీడ పట్టున కూర్చుని చేసే పని దొరికితే మా ఊళ్లో వాళ్లు గవర్నమెంటు నౌకరీ అంత గౌరవం ఇచ్చేవారు. నాకు అలాంటిదే దొరికింది. ఇరవై రెండేళ్ల వయసు, మైనస్ పన్నెండు కళ్లజోడు, చేసే పనేమో చూడటం. ఇంజెక్షన్ సీసాలను లైటు ముందు పెట్టి, తెల్ల పలక ముందు ఒకసారి, నల్ల పలక ముందు ఒకసారి తిప్పి, లోపల నలుసు ఉంటే పక్కన పెట్టాలి. (అలాంటి కళ్లకు ఆ పని ఎవరిచ్చారని అడగకండి. అద్దాలు పెట్టుకుంటే కంటి పరీక్ష చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేదాన్ని. తీస్తే చార్టు వేలాడే గోడ కూడా కనిపించేది కాదు.)

నా కళ్ల నేరం మా ఇంట్లో ఎప్పుడో అమ్మ మీద ఖాయమైపోయింది. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మండలంలో మాకు కొద్దిగా పొలం ఉంది, బాపు వ్యవసాయం చేసేవాడు. నా అద్దాలు మార్చినప్పుడల్లా "మా దిక్కు ఎవ్వరికీ అద్దాల్లేవు. గిది మీ దిక్కు నుంచే వచ్చింది" అని అమ్మతో అనేవాడు. అమ్మ ఇంకో గరిటె కూర వడ్డించేది. బాపు నిజంగానే అద్దాల్లేకుండా యాభై దాటాడు. ఎదురొచ్చిన వాళ్లు పలకరించేదాకా తానుగా పలకరించడని ఊళ్లో కొంచెం గర్విష్టి అన్న పేరు మాత్రం ఉండేది.

ఒక సోమవారం పొద్దున మొదటి ట్రేలో నాలుగో సీసా తిప్పుతుంటే నల్లటి నలుసు తేలింది. పక్కన పెట్టాను. ఐదో దాంట్లోనూ ఉంది. ఆరులో, ఏడులో, ట్రే మొత్తంలో ఉంది. రెండో ట్రే కూడా అంతే. మా షిఫ్ట్ ఇన్‌చార్జి (ఎప్పుడూ చేతి గడియారమే చూస్తాడని వెనకాల గడియారం సార్ అనేవాళ్లం) పరుగున వచ్చాడు.

"ఏందమ్మా, అన్నీ పక్కకే పెడుతున్నవ్?"

"అన్నిట్ల నలుసులే ఉన్నయ్ సార్."

ఆయన సీసాలు నింపే లైన్ ఆపించాడు. పైకి ఫోన్ చేశాడు. తెల్లకోట్లవాళ్లు నలుగురు దిగి నా వెనక నిలబడ్డారు. అవే సీసాలను పక్క సీటులోని ఒడిశా అమ్మాయికి ఇచ్చారు. ఆమె నిదానంగా ఒక్కొక్కటీ తిప్పి, నా వైపు జాలిగా చూసి, "కుచ్ నహీ హై దీదీ. సబ్ సాఫ్ హై" అంది, అన్నీ శుభ్రంగానే ఉన్నాయని.

గడియారం సార్ నా కళ్లజోడు వైపు చూశాడు. "సీసా కింద పెట్టు. గోడ దిక్కు చూడు."

చూశాను. తెల్లటి గోడ మీద అదే నలుసు మెల్లగా ఈదుతోంది.

"గోడల గూడ ఉన్నది సార్" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. "మెరుపులు గిట్ల కనపడుతున్నయా?" అని అడిగాడు సార్.

"రెండ్రోజుల సంది."

"మా అన్నకు గిట్లనే మొదలైంది. ఆలస్యం చేసిండు, ఒక కన్ను పోయింది. జల్దీ బండెక్కు."

సంగారెడ్డి దాకా వ్యాన్‌లో ఏడుస్తూనే ఉన్నాను. ఏడ్చింది కంటి కోసం కాదు. నేను ఆపించిన లైన్ కోసం.

ఆసుపత్రిలో చుక్కలు వేసి చూసిన డాక్టరమ్మ, కనుగుడ్డు మామూలు కన్నా పొడుగ్గా సాగిందనీ, దానితోపాటు లోపలి పొర పల్చబడి అంచున చిరిగిందనీ, ఆ రోజే లేజర్ చేయాలనీ చెప్పింది. అప్పటికి అమ్మా బాపూ వచ్చేశారు. "ఇంట్లో ఇంకెవరికైనా ఇంత పవర్ ఉందా?" అని అడిగింది.

"మా దిక్కు ఎవ్వరికీ లేదు మేడం" అన్నాడు బాపు. అమ్మ నేలకేసి చూసింది.

"ఇది ఒక్క జన్యువు చేసే పని కాదు, చాలా జన్యువులు కలిసి చేస్తాయి. ఏ వైపు నుంచైనా రావచ్చు. ఇద్దరూ కూర్చోండి" అందామె. అమ్మ చార్టు మొత్తం చదివింది. బాపు వంతు వచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు మేడం."

తెలుగు చార్టు పెట్టారు. బాపు ముందుకు వంగాడు, కళ్లు చికిలించాడు. ఆఖరికి, "గా కాగితం ఏడ పెట్టిండ్రు?" అన్నాడు.

మైనస్ తొమ్మిది. "ఇన్నేళ్లు పొలం ఎట్లా దున్నారు?" అని డాక్టరమ్మ అడిగితే, "ఎడ్లకు తొవ్వ ఎరుకనే గద మేడం" అన్నాడు. ఆమె నవ్వుతూనే ఆయన కంట్లోకి లైటు వేసింది. నవ్వు ఆగిపోయింది. ఎడమ కంట్లో నా దానికన్నా పెద్ద చిరుగు ఉంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ కన్ను దక్కేది కాదట. ఎన్నడూ అమ్మ చెయ్యి పట్టుకోని బాపు, అందరి ముందూ తడుముకుని పట్టుకున్నాడు. అమ్మ ఒక్క మాట దెప్పలేదు.

ఒకరి తర్వాత ఒకరికి అదే కుర్చీలో లేజర్ చేశారు. నా ఉద్యోగమూ పోలేదు. నెల రోజులు రిజిస్టర్లు రాయించి, మళ్లీ లైటు ముందు కూర్చోబెట్టారు.

లేజర్ అయిన పది రోజులకు సంగారెడ్డిలో అద్దాల దుకాణం ముందు బాపు తన మొదటి కళ్లజోడు పెట్టుకున్నాడు. రోడ్డూ చూడలేదు, బోర్డులూ చూడలేదు. అమ్మనే చూశాడు.

"నీకు గిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయే?"

"పదేండ్లయింది" అంది అమ్మ.

బాపు ఇంకా చూస్తూనే ఉన్నాడు. నేనేమో రెండో షిఫ్ట్‌కు ఆలస్యమవుతోందని ఇద్దరినీ అక్కడే వదిలి పటాన్‌చెరు బస్సెక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఎండలో అలాగే నిలబడి ఉన్నారు. ఆ పూట సెలవు పెడితే పోయేదేముంది అనిపిస్తుంది ఇప్పుడు. బస్సులో సీటు దొరికిందని తెగ సంబరపడిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది.