నడవలో అద్దాలు

కండక్టరమ్మకు యాభై దాటాక పెళ్ళయింది. అప్పటిదాకా ఆమె బతుకంతా సిటీ బస్సులోనే గడిచింది. తండ్రి పోయాక తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఒక ఒడ్డుకు చేర్చేసరికి తలలో సగం నెరిసింది. ఇక ఎవరూ అక్కర్లేదని ఆమె తీర్మానించుకున్న రోజుల్లో కళ్ళజోళ్ళ దుకాణమాయన ఆమె బస్సెక్కడం మొదలుపెట్టాడు. భార్య పోయి కొన్నేళ్ళయిన మనిషి, నెమ్మదస్తుడు. కూర్చోవడానికి చోటున్నా ఆమె సీటు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. సంగతి ఆమెకంటే ముందు డ్రైవరుకు అర్థమైంది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం చేసింది కూడా ఆ డ్రైవరే.

ఒక ట్రంకు పెట్టెతో ఆమె కాపురానికొచ్చింది. ఇల్లు చక్కనిదే, కాని వీధి తలుపు తీయగానే పొడుగాటి నడవ. అటూ ఇటూ పక్కిళ్ళ గోడలు, మచ్చుకైనా కిటికీ లేదు. ఆ చివరికి వెళ్తే గాని వంటగదీ మనుషులూ కనిపించరు. నడవలో ఒక కుర్చీ లేదు, పటం లేదు, గొడుగు తగిలించే కొక్కెం కూడా లేదు. పట్టపగలే గోడ తడుముకుంటూ నడవాలి. పాలవాడు గుమ్మంలోనే నిలబడి కేకేసేవాడు తప్ప లోపలికి అడుగుపెట్టేవాడు కాదు.

మూడో రోజున ఆమె ఆ చీకట్లో గడపకు తట్టుకుని మోకాలు చెక్కుకుంది. ఆ పూటే అనుకుంది, ఈ నడవ సంగతేదో తేల్చాలని. ఆమె ఏదైనా తేల్చాలనుకుంటే తేలాల్సిందే. టికెట్టు తీసుకోకుండా దిగి పరిగెత్తినవాడి కోసం బస్సాపి, రెండు వీధులు వెంటపడి టికెట్టు చేతిలో పెట్టి వచ్చిందని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదట పూలకుండీలు తెచ్చి వరసగా పెట్టింది. వెలుగు లేక అవి పాలిపోయి, ఒకటొకటిగా వాలిపోయాయి. రంగురంగుల బొమ్మలు తగిలించింది. అక్కడ బొమ్మలున్నాయని చెబితే తప్ప ఎవరికీ తెలియలేదు. పెద్ద బల్బు పెట్టించింది. నడవ అచ్చం ఆస్పత్రి వరండాలా తయారైంది. రెండో రోజే తీసేసింది.

అయితే ఆ బల్బు వెలుతురులో ఆమెకొకటి కనిపించింది. గోడల నిండా మేకుల గుర్తులు. వాటి కింద చిన్నవీ పెద్దవీ, రంగు మాయని మచ్చలు. ఇక్కడేముండేవని భర్తనడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. ఏవో పాతవి, తీసేశామన్నాడు. చెప్పింది పక్కింటి కుట్టుమిషనావిడ.

అక్కడ అద్దాలుండేవట. మొదటి భార్య ఎక్కడెక్కడివో పోగు చేసింది. మూసేసిన క్షౌరశాలవి, విరిగిన బీరువా తలుపులవి. వాటిని గోడలకు ఎదురెదురుగా ఎలా తగిలించిందో గాని, వీధి తలుపు తీస్తే వెలుగు ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకుతూ వంటగది దాకా వచ్చేదట. రెండో పెళ్ళి నిశ్చయమయ్యాక ఆయనే అన్నీ దించేశాడు. ఆవిడ కూతురు వాటిని తన ఇంటికి తీసుకుపోయింది. అప్పట్నుంచీ ఆ పిల్ల వీధి తలుపున రాదు. పెరటి గుమ్మంలో నిలబడి తండ్రితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం కండక్టరమ్మ భర్త ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు తీసేశారు?"

"ఆవిడ వస్తువుల మధ్య నిన్ను తిప్పడం బాగుండదనుకున్నాను."

"నన్నడిగారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తన కోసమని ఇల్లంతా చీకటి చేసుకున్న మనిషిని ఏమని తిడుతుంది? సెలవు రోజున బయల్దేరి కూతురింటికి వెళ్ళింది.

కూతురు బడిలో డ్రిల్లు టీచరు. పెళ్ళి చేసుకోలేదు, మేడ మీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. మర్యాదకు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. మంచం కింద పాత దుప్పట్లలో చుట్టిన కట్టలు కనబడుతూనే ఉన్నాయి. కండక్టరమ్మ వచ్చిన పని దాచలేదు. అద్దాలు తిరిగి వాటి చోట పెట్టాలనుకుంటున్నానని చెప్పింది.

"మా అమ్మ అద్దాల్లో మీ మొహం చూసుకుంటారా?" అంది ఆ పిల్ల, గొంతు పెంచకుండా.

"మొహం చూసుకోవడానికి నాకు వేరే అద్దముందమ్మాయ్. నేనడిగేది వెలుగు."

"ఇవ్వను. అవి మీ కోసం దించినవి. మళ్ళీ మీ కోసమే ఎక్కించాలా?"

కండక్టరమ్మ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి లేచింది. మెట్లు దిగుతూ, ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధమేముంది అనుకుంది. నిజమైనంత మాత్రాన నొప్పి తగ్గలేదు. తిరుగు బస్సులో మామూలు ప్రయాణికురాలిలా ముందు సీట్లో కూలబడింది. ఎదురుగా డ్రైవరు పక్కన పొడుగాటి అద్దం. అందులో వెనకున్న రోడ్డంతా, ఎండంతా మెరుస్తోంది. ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. దిగకుండా నేరుగా డిపో దాకా వెళ్ళింది.

డిపో వెనక తుక్కు కింద తీసేసిన బస్సులుంటాయి. మేనేజరునడిగి, మెకానిక్కును బతిమాలి, వాటి అద్దాలు విప్పించుకుంది. పొడుగువి, చదరపువి, ఉబ్బెత్తుగా ఉండే గుండ్రటివి. జిడ్డు వదిలేదాకా వాటిని సబ్బు నీళ్ళతో తోమింది. నడవకు తెల్లసున్నం తనే వేసింది. మెకానిక్కు దగ్గర డ్రిల్లు మిషను అరువు తెచ్చి గోడకు రంధ్రాలు పెడుతుంటే, భర్త స్టూలు కదలకుండా పట్టుకుని దుమ్ములో తుమ్ముతూ నిలబడ్డాడు.

తీరా తగిలించాక వెలుగు లోపలికి రాలేదు. కొంత కప్పుకు పోయింది, కొంత వచ్చేవాళ్ళ కళ్ళలో పడింది. గుండ్రటి అద్దంలో పాలవాడి తల గుమ్మడికాయంత కనిపించి వాడు ఒకటే నవ్వు. ఆమె దించింది, మళ్ళీ ఎక్కించింది. డ్యూటీ దిగి రావడం, స్క్రూడ్రైవరు పట్టుకోవడం, ఇదే వరస. ఇక వదిలేయమన్నాడు భర్త. వెలుగు వంటగది దాకా ఒకప్పుడు వచ్చింది కదా, మళ్ళీ ఎందుకు రాదని ఆమె అడిగింది. ఆయన మళ్ళీ స్టూలు పట్టుకున్నాడు.

ఇదంతా ఆయన కూతురి చెవిన వేసినట్టున్నాడు. ఒక మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఆ పిల్ల. లోపలికి నాలుగడుగులు వేసి ఆగింది. పక్కనే ఉన్న గుండ్రటి అద్దంలో ఆమె ముక్కు వంకాయంత అయింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గాని ఆగలేదు. నవ్వుతుండగానే కళ్ళు తడిశాయి. కండక్టరమ్మ చూడనట్టు స్క్రూలు ఏరుకుంటూ ఉండిపోయింది.

"ఇలా కాదు," అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని. "అమ్మ పైఅంచు వెనక చిన్న చెక్కముక్క దోపేది. అప్పుడు అద్దం కాస్త కిందికి చూస్తుంది."

మంచం కింది అద్దాల ఊసు కండక్టరమ్మ ఎత్తలేదు. స్క్రూడ్రైవరు అందించింది, అంతే. ఇద్దరూ పొద్దువాలేదాకా పనిచేశారు. వెలుగు నడవ సగం దాకా వచ్చి ఆగింది.

"ఇక్కణ్ణుంచి పెద్దవి కావాలి," అని ఆ పిల్ల తనలో తను అనుకున్నట్టు అంది.

వారం తిరక్కుండా బండిలో దుప్పటి కట్టలు దిగాయి. ఒక్క చేతి అద్దం మాత్రం కూతురు తన దగ్గరే ఉంచుకుంది, దాన్ని ఎవరూ అడగలేదు. మిగతావాటి దగ్గర మాత్రం పెద్ద రభసే జరిగింది. అమ్మ పెట్టిన వరసలోనే అన్నీ ఉండాలని కూతురు, తన బస్సద్దాలు గోడ దిగవని కండక్టరమ్మ. ఎవరూ తగ్గలేదు. చివరికి పెద్దవి పాత వరసలోనే పెట్టి, బస్సువి వాటి సందుల్లో సర్దారు. తీరా చూస్తే వెలుగు అమ్మ ఉన్నప్పటికంటే ఇంకాస్త లోపలికే వచ్చిందని కూతురే ఒప్పుకుంది.

ఆ రోజు ఆయన దుకాణం నుంచి భోజనానికొచ్చాడు. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అక్కడికి వంటగదిలో గిన్నెలు కడుగుతున్న కూతురు కనిపిస్తోంది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, అంచు పగిలిన కోలద్దం ముందు ఆగాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో కండక్టరమ్మ దగ్గర తనంతట తానుగా ఎత్తని మొదటి భార్య సంగతి అప్పుడెత్తాడు.

"ఇది పగిలిందెలాగో తెలుసా? వానలో తెచ్చింది. తనేమో తడిసిపోయి, గొడుగు అద్దానికి పట్టి..."

కండక్టరమ్మ సాయంత్రం డ్యూటీకి సిద్ధమై, సంచీ భుజాన వేసుకుని ఉంది. సంచీ దించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఊఁ, చెప్పండి. తర్వాతేమైంది?"