పొదిలి షెడ్డులో మా గోతాలు

మా వీధిలో ఐదుగురు ఆడవాళ్లం కలిసి పచ్చళ్లు పెట్టి దుకాణాలకు వేస్తాం. గుంటూరులో ఉంటూ పొదిలి నుంచి మిరపకాయ తెప్పించుకుంటామని నవ్వేవాళ్లున్నారు. అక్కడ దానియేలు గారి షెడ్డులో తొడిమ తీసి, తెల్లబారిన కాయ ఏరేసి పంపుతారు. కిందటి నెల ఆ సరుకు వారం ఆలస్యమై మాకు రెండు దుకాణాలు పోయాయి. ఇంతలో గుంటూరు వ్యాపారి ఒకాయన ధర తగ్గిస్తానన్నాడు, ఏడాదంతా తన దగ్గరే కొనాలన్న షరతు మీద. ఆవకాయ రోజులు దగ్గర పడుతున్నాయి. పాతవాళ్లు మనతో ఎంతవరకు కలిసి నడుస్తున్నారో చూసి తేల్చుకు రమ్మని మిగతా నలుగురూ నన్ను పంపారు.

ఉదయం ఐదున్నరకు ఎర్రబస్సు ఎక్కాను. చిలకలూరిపేట, అద్దంకి, దర్శి మీదుగా పొదిలికి టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. దారి పొడవునా పత్తి తీసేసిన చేలు, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. అద్దంకిలో ఇడ్లీ తిన్నాను. దర్శి దాటాక గాలి వేడెక్కింది. సరుకు నాణ్యత, చెప్పిన రోజుకు పంపడం, తేడా వస్తే ఒప్పుకోవడం: ఈ మూడింటినీ బట్టి వాళ్లను కొలవాలని బస్సులోనే అనుకున్నాను.

పదకొండుకు షెడ్డు చేరాను. దానియేలు గారి భార్య మార్తమ్మ గారు తొడిమలు తీసేవాళ్ల మధ్య కూర్చుని ఉన్నారు. నాకు తుమ్ములు ఆగకపోతే, "గుంటూరోళ్లక్కూడా ఘాటేనా అమ్మా?" అని అందరూ నవ్వారు.

"మీ ఆలస్యానికి మాకు రెండు కొట్లు పోయాయండీ," అన్నాను, కాటా దగ్గరున్న దానియేలు గారితో.

"వాన పడి కాయ మెత్తబడిందమ్మా. అట్టాగే పంపితే మీ జాడీలు బూజు పట్టవూ? ఎండేదాకా ఆగాం," అన్నారు దానియేలు గారు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"తప్పేనమ్మా," అన్నారాయన. "కార్డు ముక్క రాయవయ్యా అని నే మొత్తుకున్నా. ఈ మనిషికి కాయ తప్ప ఇంకేం పట్టదండీ," అన్నారు మార్తమ్మ గారు.

మాకోసం కట్టి ఉంచిన బస్తాలు చూపించారు. ఒకదాని మూల ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టు. నా కుట్టే. ఖాళీ గోతాలు దులిపి, చిరుగులు కుట్టి తిప్పి పంపడం మాకు అలవాటు.

"ఇవి మా గోతాలేనా?"

"మీవే. తిప్పి పంపేది మీరొక్కరే. అందుకే వాటిల్లో మీ సరుకు తప్ప పొయ్యనివ్వను," అన్నారు మార్తమ్మ గారు. "వానకి షెడ్డు కారితే మీ కాయ మా ఇంట్లో పోశాం. మేం వరండాలో పడుకున్నాం, తుమ్ముకుంటా."

ఇకపై ఆలస్యమయ్యేట్టుంటే టెలిగ్రాం ఇవ్వమన్నాను. మాకు ఎంత కావాలో నెల ముందే రాస్తానన్నాను.

"టెలిగ్రాం ఖర్చు ఎవరిదమ్మా?" అన్నారు దానియేలు గారు.

"చెరిసగం."

గుంటూరు వ్యాపారికి మర్నాడే వద్దని చెప్పాం. పోయిన దుకాణాల్లో ఒకటి తిరిగి వచ్చింది, రెండోది రాలేదు. నేను కొలవాలనుకున్న మూడూ వాళ్లు చేయవలసినవే. మేమేం చేస్తున్నామన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని వాళ్లు ఎప్పటినుంచో గమనిస్తూనే ఉన్నారు. సరుకిచ్చేవాళ్లను చూడటానికి మీరూ వెళ్తుంటే, వాళ్ల ఖాళీ గోతాలు మడిచి వెంట తీసుకెళ్లండి. ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టడు.