గఫార్ సార్‌తో కుందలహళ్ళి ఇంటర్వ్యూకి

ఇంగ్లీషు మాతృభాష కాని మనలాంటివాళ్ళకు విదేశాల్లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరుకుతుందా అని ఈ బ్లాగు చదివేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. దొరుకుతుంది. నాకు దొరికింది. థాయిలాండులో ఒక చిన్న పట్నంలో రెండేళ్ళు పనిచేసి వచ్చాను. అక్కడి సంగతులు ఇదివరకు చాలాసార్లు రాశాను గానీ, ఆ ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్ళొచ్చిన ఒక్కరోజు ప్రయాణం గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు. మొన్న ఒకాయన, తన స్నేహితుడితో కలిసి అలాంటి ఇంటర్వ్యూకే వెళ్తున్నానని రాశారు. ఇక రాయక తప్పదనిపించింది.

2004 వేసవి అది. మదనపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అదే బడిలో గఫార్ సార్ ఇరవై ఆరేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాకు చెప్పింది కూడా ఆయనే. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి. ‘స్కూల్’ని ‘ఇస్కూల్’ అంటారు, ‘స్టేషన్’ని ‘ఇస్టేషన్’ అంటారు. పిల్లలు ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఆయన చెప్పిన పాఠం మళ్ళీ చదవక్కర్లేకుండా తలకెక్కేది. ప్రకటన చూసింది ఆయనే. థాయిలాండులో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పే పని, ఇంటర్వ్యూ బెంగళూరు శివారులోని కుందలహళ్ళిలో, వయసు పరిమితి లేదు. పేపరు మడిచి తెచ్చి నా ముందు పెట్టి, “ఒక్కసారైనా వేరే దేశం పిల్లలకు చెప్పి చూడాలని ఉండాది అప్పా. నువ్వూ రాయి, ఇద్దరం పోదాం” అన్నారు. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు.

తెల్లవారి ఐదున్నర బస్సుకు బయలుదేరాం. చింతామణి, హోస్కోటె మీదుగా వెళ్ళే బస్సు, టికెట్టు అరవై రూపాయల లోపే. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు దాకా పోకుండా కె.ఆర్.పురంలోనే దిగిపోవడం మేలు, కుందలహళ్ళి వైపు వెళ్ళేవాళ్ళకు గంటన్నర కలిసొస్తుంది. చింతామణి దాటేదాకా సార్ నా చేత ప్రశ్నలు జవాబులు వల్లె వేయించారు. మీ బలహీనత ఏమిటని అడిగితే ఏమనాలి, తరగతి అల్లరి చేస్తే ఏం చేస్తారని అడిగితే ఏమనాలి. తన జవాబులు మాత్రం ఒక్కటీ చెప్పి చూసుకోలేదు.

తొమ్మిదింటికి కె.ఆర్.పురంలో దిగాం. అప్పటికి కొత్తదైన తీగల వంతెన కింద ఆటో పట్టుకున్నాం. మేం తెలుగులో బేరం మాట్లాడుకోవడం విని డ్రైవరు కూడా తెలుగులోకి దిగాడు. వాళ్ళ తాత బాగేపల్లి పక్కనుంచి వచ్చాడట, ఇంట్లో ఇంకా తెలుగేనట. యాభై రూపాయలకు ఒప్పుకుని, ఏం పని మీద వచ్చామని అడిగాడు. ఇంగ్లీషు పరీక్షకని సార్ చెప్పారు. “మీరే సార్లు గదా, మీకేం పరీక్ష సార్?” అన్నాడతను. సార్ చాలాసేపు నవ్వారు.

ఇంటర్వ్యూ ఒక అద్దె ఇంటి మేడ మీద జరిగింది. చుట్టూ కంప్యూటరు కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు ఉండే ఇళ్ళు, కింద ఫొటోస్టాట్ అంగడి. మేడ మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు ఉద్యోగాలు చూపించే ఏజెన్సీ మేడమ్, బెంగళూరావిడ. ఇంకొకరు ఆ థాయిలాండు బడి హెడ్మాస్టరు, ఇంగ్లండు మనిషి. ముందు ఒక ఫారం ఇచ్చారు. అందులో ‘మీ మొదటి భాష’ అని ఒక గడి ఉంది. ఇంగ్లీషు అని రాస్తే మంచిదని మేడమే సలహా ఇచ్చింది. నేను అలాగే రాశాను. సార్ ఉర్దూ అని రాసి, పక్కన తెలుగు అని కూడా చేర్చారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూశాక ఒక్కొక్కరూ పదిహేను నిమిషాల పాఠం చెప్పాలన్నారు. ఎదురుగా ఉన్న ఇద్దరినే పిల్లలనుకోవాలి. నాది ముందు. భూతకాలం మీద చెప్పాను. నోటికి రాని యాసలో, వార్తలు చదివేవాళ్ళలా వేగంగా చెప్పాను. తప్పులైతే లేవు. తరువాత సార్ వెళ్ళారు. వరండాలో కూర్చున్న నాకు కిటికీలోంచి అంతా వినిపించింది. ‘బ్రింగ్’కీ ‘టేక్’కీ తేడా చెబుతున్నారు. మేడమ్ చేత నీళ్ళ జగ్గు తెప్పించారు, ఆ దొర చేత కుర్చీ గది అవతలికి మోయించారు. మోస్తూ ఆయన తనే వాక్యం చెబుతున్నాడు. ముగ్గురూ నవ్వుతున్నారు. ఆ పాఠం నా పాఠం కన్నా ఎంత పైన ఉందో కిటికీ ఇవతల నాకు తెలుస్తూనే ఉంది.

కొంతసేపటికి నన్ను ఒక్కడినే మళ్ళీ లోపలికి పిలిచారు. మీరిద్దరూ ఒకే బడిలో చేస్తున్నారు కదా, ఆయన ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు అర్థమవుతుందా అని హెడ్మాస్టరు అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, మాటలో వెటకారం లేదు. ఉన్నది ఒక్కటే ఉద్యోగమని నేను అనుకుంటున్నాను. ఎవరూ అలా చెప్పలేదు, నేనే అనుకున్నాను.

“ఆయన గ్రామరు చాలా బాగుంటుంది” అన్నాను.

మరి ఉచ్చారణ అని మేడమ్ అడిగింది. “అది కొంచెం పాతకాలం పద్ధతి” అని చిన్నగా నవ్వాను. హెడ్మాస్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కిందికి దిగి, గేటు దగ్గర ఒక చిన్న హోటల్లో తిన్నాం. రాగిముద్ద, ఉలవచారు, ఇరవై రూపాయలు. వండే ఆవిడ చింతామణి వైపు మనిషి. నేను ముద్దను సగంలో వదిలేస్తే, “ఏమప్పా, ఉప్పు తక్కువ ఉండాదా?” అని అడిగింది. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆకలి లేదని చెప్పాను.

మూడు గంటల బస్సు ఎక్కాక సార్ అడిగారు. “రెండోసారి పిలిచి ఏం అడిగినారప్పా?”

“జీతం గురించి సార్.”

ఆయన తలాడించి, అయితే నీకు వచ్చినట్టే అన్నారు. హోస్కోటెలో జామకాయలు కొని పెద్దది నా చేతిలో పెట్టారు.

మూడు వారాలకు నాకు ఉత్తరం వచ్చింది. ఆయనకు రాలేదు. నేను బయలుదేరే ముందురోజు ఆయన ఒక సంచి మోసుకుని మా ఇంటికి వచ్చారు. ఇరవై ఆరేళ్ళుగా చేత్తో బొమ్మలు గీసి దాచుకున్న అట్టలు. క్రియలకు కొన్ని, ప్రిపొజిషన్లకు కొన్ని. తను తీసుకుపోదామనుకున్నారట, ఎలాగూ పోవడం లేదు గనుక నన్ను వాడుకోమన్నారు. ఆ పూటైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

అక్కడికి వెళ్ళాక మొదటి నెలంతా నా పాఠం పిల్లలకు అర్థం కాలేదు. నా యాస, నా వేగం వాళ్ళకు అందలేదు. ఆ అట్టలు బయటికి తీసి, ఒక్కొక్క మాటా విడదీసి, సార్ మా ఎనిమిదో తరగతిలో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాకే వాళ్ళు నోరు తెరిచారు. నాతోపాటు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టీచరమ్మ, కామెరూన్ నుంచి వచ్చిన ఇంకో టీచరు ఉండేవాళ్ళు. ఎవరి యాస వాళ్ళదే. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. ఒకరోజు టీ తాగుతూ హెడ్మాస్టరు మామూలుగా అన్నాడు, ఆ ఏడు బెంగళూరు నుంచి ఇద్దరిని తీసుకోవాలనుకున్నామని, రెండో ఉద్యోగం ఆరు నెలలు ఖాళీగానే ఉండిపోయిందని. మీ పెద్దాయన పాఠం నాకు బాగా నచ్చింది గానీ, మీరే సందేహంగా మాట్లాడేసరికి ధైర్యం చాలలేదు అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం తరగతికి వెళ్ళి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

2006లో తిరిగొచ్చిన వారానికే బడికి వెళ్ళాను. భోజనాల వేళ, స్టాఫ్ రూములో ఆయన ఒక్కరే కాపీలు దిద్దుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎర్ర ఇంకు పెన్ను మూత పెట్టి విన్నారు.

“గ్రామరు బాగుంటుందని అన్నావు గదా?”

“అన్నాను సార్.”

“అది నిజమే గదప్పా” అన్నారు.

తరువాత, అట్టలు ఆ పిల్లలకే వదిలి వచ్చావా అని అడిగారు. అవునంటే, మంచి పని చేసినావన్నారు. గంట కొట్టగానే కాపీలు చంకన పెట్టుకుని తరగతికి వెళ్ళిపోయారు.

ఆయన నన్ను దూరం పెట్టలేదు. పండగకు సేమియా పంపుతారు, దారిలో కనబడితే నిలబడి మాట్లాడతారు. కానీ బడి వదిలాక ఇంటిదాకా నడిచే దారిలో మేమిద్దరం ఏళ్ళతరబడి ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం, నోరు తిరగాలని ఆయన పెట్టిన అలవాటు అది. నేను ఆ సంగతి చెప్పిన రోజు నుంచి ఆయన నాతో ఇంగ్లీషులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టినా తెలుగులోనే బదులిస్తారు.

ఇంగ్లీషు మన అమ్మ నేర్పిన భాష కాదని బయటివాళ్ళు మనల్ని తక్కువ చేస్తారేమోనని భయపడుతూ వెళ్ళాను. ఆ రోజు ఆ మేడ మీద బయటివాళ్ళు ఎవరూ ఆ పని చేయలేదు. వాళ్ళు ఒక ప్రశ్న అడిగారు, అంతే. నాకు ఆ భాష నేర్పిన మనిషి మాట్లాడే ఇంగ్లీషు పనికిరాదని, ఆయన దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులోనే చెప్పింది నేను. ఇన్నేళ్ళుగా ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నాను, నా మాట మీకు అర్థమవుతోంది కదా, అయితే ఆయన మాటా అర్థమవుతుంది, అని ఒక్క వాక్యం చాలేది. ఇప్పుడు ఎంత బాగా చెప్పగలిగినా వినడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

ఇక వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. సర్టిఫికెట్లు, ఫొటోలు, పాఠం ఇవన్నీ ఎలాగూ సర్దుకుంటారు. స్నేహితుడితో కలిసి వెళ్తున్నట్టయితే, మీ ఒక్కరినే లోపలికి పిలిచి అతని గురించి అడిగినప్పుడు ఏం చెప్పాలో బస్సులో ఉండగానే, అతను పక్కన కూర్చుని ఉండగానే నిర్ణయించుకోండి.