పింగాణీ పన్నూ, అన్నయ్య ఆకురాయీ

తొంభైల్లో మాట. మా అన్నయ్య తెనాలిలో కంసాలి పని చేసేవాడు. బస్సు దిగుతూ పడి వదినకు ముందుపన్ను ఊడింది. అప్పటినుంచి ఆవిడ నవ్వడమే మానేసింది. డాక్టరు పింగాణీ పన్ను పెట్టాక మళ్లీ నవ్వు వచ్చింది గానీ, ఆ పన్ను కింది పెదవికి ఒరుసుకునేది.

"ఈమాత్రానికి డాక్టరెందుకే? బంగారాన్నే నునుపు చేసే చెయ్యి నాది," అంటూ అన్నయ్య ఆకురాయితో దాన్ని అరగదీశాడు. వదిన మురిసిపోయింది.

తర్వాత బాపట్లలో ఓ పెళ్లికి వెళ్లాం. భోజనాల్లో బెల్లం మిఠాయి కొరకగానే సగం పన్ను విరిగి విస్తట్లో పడింది. బంతిలో అందరూ చూశారు. నేను వదిన ముఖంలోకి చూడలేకపోయాను.

మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం.

"బంగారం గీతలు పడినా ఓర్చుకుంటుందండి. పింగాణీ అలా కాదు, గీత పడినచోటే పగులు మొదలవుతుంది. అరగదీస్తే మళ్లీ కొలిమిలో పెట్టి పైమెరుపు ఎక్కించాలి," అన్నాడాయన.

అన్నయ్య తల దించుకున్నాడు.

"అయితే ఈయన్ని కూడా ఓసారి ఆ కొలిమిలో పెట్టండి సార్!" అని వదిన ఆ సగం పన్నుతోనే పగలబడి నవ్వింది.

పైమెరుపు అందానికే అనుకునేదాన్ని. పన్ను బలం కూడా అందులో ఉంటుందని ఆ రోజు తెలిసింది. వదిన బలం ఎందులో ఉందో మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

– వెంకాయమ్మ, రేపల్లె