వంగి కూర్చుంటే మారిన చప్పుడు

ఊరి పెద్దలారా, రోగుల పక్కన నేలమీద కూర్చుంటారని ఆవిడకు ‘నేల డాక్టరమ్మ’ అని పేరు పెట్టి నవ్వింది మీరే. ఆ డాక్టరమ్మ మొన్న బ్రాడీపేటలోని తన ఇంట్లో నిద్రలోనే పోయారు. ఇప్పుడేమో ఆవిడకు విగ్రహమంటూ మీరే బయల్దేరారు!

చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం మా అక్క గుండెలో వాల్వును పాడుచేసింది. పెద్దయ్యాక మిరపకాయల కొట్లో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ కళ్లు తిరిగి పడిపోయేది. ‘మిరప ఘాటుకే’ అన్నాడు కొట్టు మేస్త్రి. మద్రాసు డాక్టర్లు మాత్రం వాల్వు బిగుసుకుపోయిందని, గుండెలోకి వేలు పోనిచ్చి వెడల్పు చేస్తామని ఆపరేషనుకు రోజు పెట్టారు. వెళ్లేముందు డాక్టరమ్మకు చూపించాను.

ఆవిడ స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో వెచ్చబెట్టుకుని, అక్కను పడుకోబెట్టి విన్నారు.

“కళ్లెప్పుడు తిరుగుతాయే?”

“కాయలు ఏరేటప్పుడండీ. పడుకుంటే తేరుకుంటానండీ.”

వంటింట్లోంచి చేటెడు మిరపకాయలు తెప్పించి నేలమీద పెట్టించారు. “ఏరు.”

“కూలెంతిస్తారేంటండీ?”

“ముందు నోరు మూసుకుని ఏరు. బేరం తర్వాత.”

అక్క వంగి ఏరుతుంటే, ఆవిడా పక్కనే చతికిలబడి విన్నారు. మొహం మారిపోయింది.

“చప్పుడు మారిందయ్యా. లోపలేదో కదులుతోంది. తొడిమకు కాయ వేలాడినట్టు గడ్డ ఉందని నా అనుమానం. వేలు పెడితే చిట్లుతుంది, ముక్కలు మెదడుకెక్కుతాయి. మనిషి దక్కదు.”

“వాల్వు జబ్బని తేల్చారు కదండీ!” అని వాదించాను. వాదించకుండా నేనెప్పుడున్నాను గనక?

“ఇంట్లో ఒక పాము కనబడితే, రెండోది లేదని మంచమెక్కి పడుకుంటావా?”

మూడు టిక్కెట్లు తీశాను.

డాక్టరమ్మా మాతోపాటు మద్రాసు రైలెక్కారు. అక్కడి పెద్ద డాక్టరు విసుక్కుంటే, “కూర్చోబెట్టి వినండి, తర్వాత తిట్టండి” అన్నారు. ఆయన విన్నాడు, తిట్టలేదు. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే గడ్డ కనబడింది. వేలి ఆపరేషను మానేశారు. గుండెను ఆపి, రక్తాన్ని మరకు అప్పగించి, గడ్డను తీసేశారు. వాల్వునూ విప్పారు. అక్క బతికింది. ఇప్పుడు అక్క కాయలు ఏరుతూనే మేస్త్రితో పోట్లాడుతుంటే నాకు కచేరీ విన్నంత హాయి.

విగ్రహం వద్దు. కావలసినవి ఇవి:

పెద్దాసుపత్రిలో ప్రతి వార్డుకూ ఒక చాప.

కూలిమనిషిని, పని చేసేటప్పుడు ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చోబెట్టి పరీక్షించడం.

కొట్లో ఎవరైనా పడిపోతే ఘాటని తోసెయ్యక, డాక్టరు దగ్గరికి పంపడం.

కీళ్లవాతం జ్వరం వచ్చిన ప్రతి బిడ్డకూ, గుండె చెడకుండా, నెలనెలా పెన్సిలిన్ సూది. ఉచితంగా. వాళ్ల బళ్లోనే.